ఊరికి ఊరు నేస్తం

ఈ వార్షిక సంచికను చేతికి తీసుకున్న వారికి ఒక వింత కనిపిస్తుంది. ఉర్దూ పుటలు కుడివైపు అట్టనుంచి మొదలవుతాయి. తెలుగు పుటలు ఎడమవైపు అట్టనుంచి. రెండూ ఎదురెదురుగా నడచివచ్చి పుస్తకం నడుమ ఒకచోట కలుసుకుంటాయి. వీటిలో ఏది ముందు, ఏది వెనుక అని అడిగితే జవాబు లేదు. ఎవరి చేతిలో ఎటు తిరిగి ఉంటే అదే ముందు. దూరదేశాల ఊళ్ళు పరస్పరం కట్టుకొనే స్నేహాన్ని గురించి వ్రాయ సంకల్పించినప్పుడు మాకు మొట్టమొదట స్ఫురించినది ఈ రెండు ముఖాల పుస్తకమే.

ముందుగా పేరు విషయం తేల్చుకోవాలి. ఇంగ్లండులో ఇట్టి ఊళ్ళను కవల పట్టణాలంటారు. అమెరికా వారు అక్కచెల్లెళ్ళంటారు. మన పత్రికలవారు సోదర నగరాలని వ్రాస్తారు. ఆడపడుచులను అన్నదమ్ములుగా మార్చడం ఎందుకో మాకు తెలియదు! 'జంట నగరాలు' అందామంటే హుస్సేన్‌సాగర్ కట్టకు అటూ ఇటూ ఉన్న హైదరాబాదు, సికింద్రాబాదులు ఆ పేరును ఏనాడో సొంతం చేసుకున్నాయి. మన పల్లెల్లో 'నేస్తం కట్టడం' అనే మాట ఉంది. రక్తసంబంధం లేని ఇద్దరు పదిమంది ఎరుకలో చెలిమి కట్టుకుని, పండుగకు ఒకరి గడప ఒకరు తొక్కి, కష్టానికి ఒకరికొకరు నిలవడం దాని అర్థం. మా దృష్టిలో ఈ వ్యవహారానికి అంతకన్న తగిన మాట లేదు.

ఆధునిక కాలంలో ఈ నేస్తానికి ప్రసిద్ధమైన ఆరంభం యుద్ధాగ్నిలో జరిగింది. 1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానాలు ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణం మీద బాంబులు కురిపించాయి. అయిదువందల మందికి పైగా మరణించారు. ప్రాచీనమైన ప్రధాన దేవాలయం కూలి మొండిగోడలు మిగిలాయి. రెండేళ్ళు తిరగకముందే రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌కు అంతకు అనేక రెట్ల విపత్తు వచ్చింది. అప్పుడు కొవెంట్రీ స్త్రీలు ఎనిమిదివందల ముప్ఫై మంది ఒక బల్లగుడ్డ మీద తమ తమ పేర్లు దారంతో కుట్టి, మనిషికి ఆరు పెన్నీల చొప్పున పోగుచేసిన సొమ్ముతో కలిపి ఆ ఊరికి పంపారు. కొండంత జాలికన్న గోరంత సాయం మేలు అన్న భావాన్ని కూడా ఆ గుడ్డమీదనే కుట్టారు. 1944లో ఆ రెండు ఊళ్ళు నేస్తం కట్టుకున్నాయి.

ఆరు పెన్నీలతో స్టాలిన్‌గ్రాడ్ తిరిగి లేవదని ఆ స్త్రీలకు తెలియదా? తెలుసు. అయినా ఆ పేర్లలో ఒక విశేషం ఉంది. దానం చేసేవాడు పేరు చెప్పుకుంటే అది డాంబికం. దెబ్బతిన్నవాడు దెబ్బతిన్నవాడికి పేరు చెప్పుకుంటే అది పరిచయం. ఆ తరువాత 1959లో కొవెంట్రీ జర్మనీలోని డ్రెస్డెన్‌తో నేస్తం కట్టింది. 1945 ఫిబ్రవరిలో ఆ నగరాన్ని బూడిద చేసినవి బ్రిటిషు, అమెరికను విమానాలే. కొట్టిన వారి ఊరూ కొట్టించుకున్న వారి ఊరూ సరిసమానంగా కూర్చున్నాయి.

ఇంగ్లండు, హంగేరీల చెలిమి సంగతి ఇంకా విచిత్రం. 1956లో హంగేరీ ప్రజలు సోవియట్ పెత్తనంపై తిరుగుబాటు చేసి ఓడిపోయారు. ఇల్లూ వాకిలీ విడిచి వెళ్ళిన వారిలో ఇరవై వేల మంది వరకు బ్రిటన్‌లో తలదాచుకున్నారు. ఆ గాయం మానకముందే, ఐరోపా రెండు శిబిరాలుగా చీలి ఉన్న రోజుల్లోనే, 1962లో అదే కొవెంట్రీ రెండు హంగేరియను పట్టణాలతో నేస్తం కట్టింది. ఒకటి డునాయ్‌వారోష్. డాన్యూబు నది ఒడ్డున 1950 ప్రాంతంలో ఉక్కు కర్మాగారం చుట్టూ కట్టిన కొత్త ఊరు; 1961 వరకు దానికి స్టాలిన్ పేరే ఉండేది. రెండవది కెచ్‌కెమేత్. పండ్లతోటల ఊరు, సంగీత విద్వాంసుడు కొడాయ్ జోల్తాన్ పుట్టినిల్లు. పసిపిల్లలకు వాద్యాలు ఇవ్వడానికి ముందు తమ జానపద గేయాలను గొంతెత్తి పాడించాలన్న ఆయన బోధన ఆ దేశపు ఎల్లలు దాటి ఇంగ్లండు బడులకు కూడా చేరింది.

హంగేరియనులను గురించి తెలుగు అధ్యాపకులమైన మేము ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. వారు ఇంటిపేరు ముందు వ్రాసి, అసలు పేరు తరువాత వ్రాస్తారు. కొడాయ్ అన్నది ఇంటిపేరు, జోల్తాన్ అన్నది పేరు. ఐరోపాలో చుట్టుపక్కల వారందరూ తలక్రిందులుగా వ్రాస్తుంటే వీరు మాత్రం మనలాగే వ్రాస్తారు. వారి భాష ఇరుగుపొరుగు భాషలకు చుట్టం కాదు. ఉరాలిక్ కుటుంబానికి చెందినది. అందులో విభక్తులు మనకువలె మాట చివర అతుక్కుంటాయి. 'ఇల్లు' అన్న మాటకు 'బన్' చేరిస్తే 'ఇంట్లో' అవుతుంది. 'తోట' అన్న మాటకు చేర్చేటప్పుడు అదే ప్రత్యయం 'బెన్'గా మారుతుంది. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారుతుందన్నమాట. 'హరికి', 'గురువుకు' అనేటప్పుడు మన కి, కు లు చేసే పని గుర్తుకు తెచ్చుకోండి. చుట్టరికం లేదు గాని, పోలిక ఉంది.

ఈ నేస్తం నడిచే తీరు చాలా సాదా. రెండు పురపాలక సంఘాలు తీర్మానం చేస్తాయి. అధ్యక్షులు పత్రం మీద సంతకాలు పెడతారు. ఊరి పొలిమేరలో నేస్తపు ఊరి పేరుతో ఒక పలక వెలుస్తుంది. అసలు బరువు మోసేది ఆ తరువాత ఏర్పడే పౌరుల సంఘం. ఈ ఏడు ఇక్కడి బడిపిల్లలో, గాయక బృందమో, ఫుట్‌బాల్ జట్టో అక్కడికి వెళ్తారు. మరుసటి ఏడు అక్కడివారు ఇక్కడికి వస్తారు. బస హోటళ్ళలో కాదు, వీలైనంతవరకు ఇళ్ళలో. ఇంట్లో దిగినవాడికి ఆ ఇంటి కూరా తెలుస్తుంది, ఆ ఇంటి కీచులాటా తెలుస్తుంది. సంతకాలకే పరిమితమైన నేస్తాలు ప్రపంచంలో కొల్లలు. అధికారులు వచ్చి, దండలు వేయించుకుని, ఫొటో దిగి వెళ్ళిన చోట పలక తప్ప మరేమీ మిగలదు.

సంతకాలేవీ లేకుండా ఒక హంగేరియను నేస్తం మన తెలుగు నేల ధనంతో ముడిపడిన సంగతి మా విద్యార్థులలో కొందరికైనా ఆశ్చర్యం కలిగించవచ్చు. 1926లో రవీంద్రనాథ ఠాగూరు హంగేరీలో అస్వస్థుడై బాలతొన్‌ఫ్యూరెద్ అనే సరస్తీర గ్రామంలోని ఆరోగ్యశాలలో చికిత్స పొందాడు. కృతజ్ఞతగా అక్కడ ఒక మొక్క నాటాడు. ఆ తీరంలోని బాటకు తరువాత ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడు హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విశ్వభారతిలో ఇస్లామీయ అధ్యయనాల కోసం లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ పీఠానికి ఆచార్యుడుగా 1929లో వచ్చినవాడు గెర్మానుష్ జ్యూల అనే హంగేరియను పండితుడు. ఆయన ఈ దేశంలో ఉన్న రోజుల్లోనే ఇస్లాం స్వీకరించి అబ్దుల్ కరీం అయినాడు. 1935లో హజ్ యాత్ర చేశాడు. హైదరాబాదు సొమ్ము, వంగదేశపు చెట్టునీడ, బుడాపెస్టు పాండిత్యం! పత్రం మీద వ్రాయించుకుని ఉంటే ఇంత చక్కగా కుదిరేది కాదేమో.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. 1993లో విజయవాడ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు మొడెస్టో పట్టణంతో సోదర నగరమైంది. ఎంపిక బాగా కుదిరిందని మా అభిప్రాయం. ఎందుకంటే రెండూ కాలువల ఊళ్ళే. మొడెస్టో 1870లో రైలుమార్గం కోసం పుట్టింది. ఊరికి తన పేరు పెడతామంటే రాల్‌స్టన్ అనే బ్యాంకరు వద్దన్నాడనీ, ఆ వినయాన్ని చూసి స్పానిషులో 'వినయవంతుడు' అనే అర్థం వచ్చే మాటనే ఊరికి పేరుగా పెట్టారనీ చెప్పుకుంటారు. 1887లో అక్కడి రైతులు సాగునీటి మండలిని ఏర్పరచుకుని ట్వాలమీ నది నీటిని పొలాలకు మళ్ళించారు. 1912లో వీధికి అడ్డంగా కట్టిన కమాను మీద ఆ ఊరివారు వ్రాసుకున్న నాలుగు మాటలలో మొదటిది నీరు. సంపద, సంతృప్తి, ఆరోగ్యం దాని వెనుకనే. బెజవాడలో 1855లో ఆనకట్ట పూర్తయి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి, కాలువల మీద బ్రతికిన కృష్ణా రైతుకు ఆ వరుసను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ బాదం, ఇక్కడ వరి; నీటి వంతుల తగాదా మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

కాగా, మన గోదావరి తీరానికి దూరపు ఊళ్ళతో రాకపోకలు కొత్త కాదు. కోరంగి ఓడరేవు 1839 నవంబరు తుపానులో ధ్వంసమైంది గాని, దాని పేరు సముద్రం దాటి బర్మాలో నిలిచింది. అక్కడ తెలుగు కూలీని 'కోరంగి' అనేవారు. మన పెద్దలు రంగూనును 'రంగం' అన్నారు. కాకినాడలో ఓడ ఎక్కి, రంగంలో బస్తాలు మోసి, ధాన్యపు మిల్లుల్లో చెమటోడ్చిన వారి డబ్బుతో ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళకు పెంకు కప్పు పడింది. అయితే రంగూను మనకు నేస్తం అయిందా? 1930 మే నెలలో ఓడరేవు సమ్మె సందర్భంలో తెలుగు కూలీలకూ వారి స్థానంలో తెచ్చిన బర్మీయులకూ మధ్య మొదలైన ఘర్షణ నగరమంతా ప్రాకి నెత్తురు పారించింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలాది మంది కాలినడకన అడవులు పట్టి స్వదేశానికి బయలుదేరారు. దారిలో రాలిపోయినవారు ఎందరో. నూరేళ్ళ రాకపోకలలో ఒకడు మరొకడి ఇంట అతిథిగా దిగిన సందర్భాలు ఎన్ని? కూలి తెలుసు, మేస్త్రీ తెలుసు, మనిషి తెలియలేదు.

సామర్లకోటకు కూడా ఇట్టి ఏకముఖ సంబంధం ఒకటి ఉండేది. 1882లో కెనడా బాప్తిస్టు మిషనరీలు ఇక్కడ వేదాంత పాఠశాల స్థాపించారు. తరువాత అది కాకినాడకు తరలింది. వారు మన భాష నేర్చుకున్నారు, బోధించారు. అది మెచ్చుకోదగినదే. కాని వచ్చినవారు గురువులుగా వచ్చారు. మనవారు గురువులుగా అక్కడికి వెళ్ళలేదు.

నేడు రంగం స్థానంలో కువైట్, మస్కట్, దుబాయి నిలిచాయి. గోదావరి జిల్లాల నుంచి, విశేషించి కోనసీమ నుంచి, స్త్రీలు ఇంటిపనికి అక్కడికి వెళ్తున్నారు. ఒకనాడు తరగతిలో ఉత్తరాల రచన బోధిస్తూ, దూరదేశంలోని మిత్రునికి లేఖ వ్రాయమన్నాము. ఒక విద్యార్థిని కువైట్‌లో ఉన్న తన తల్లికి వ్రాసింది. మిత్రునికి కదా వ్రాయమన్నది అంటే, "అక్కడ మాకు మిత్రులెవరూ లేరండీ, అమ్మ ఒక్కతే ఉంది" అన్నది. ఆమె తల్లి ఆ ఊరిలో ఎన్నో ఏళ్ళుగా ఒక ఇంట్లో ఉంటోంది. ఆ ఇంటివారికి సామర్లకోట అనే ఊరొకటి ఉన్నదని తెలియదట.

విదేశపు ఊరితో ఒప్పందానికి పురపాలక తీర్మానం చాలదు, కేంద్ర విదేశాంగ శాఖ సమ్మతి కావాలి. అది మన చేతిలోని పని కాదు. ఒప్పందాలు శాశ్వతమూ కావు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో కొవెంట్రీ తన మొదటి నేస్తమైన వోల్గోగ్రాడ్‌తో, అంటే ఆనాటి స్టాలిన్‌గ్రాడ్‌తో, సంబంధాన్ని నిలిపివేసింది. దారంతో కుట్టిన ఆ ఎనిమిదివందల ముప్ఫై పేర్లను మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆ విద్యార్థిని చేత ఉత్తరాన్ని మళ్ళీ వ్రాయించాము. ఈసారి తల్లికి కాదు, ఆ ఇంటివారి అమ్మాయికి. అందులో తన ఇంటిపేరు ముందు ఎందుకు వ్రాస్తుందో చెప్పింది. కాకినాడకు పోయే రైలు ఇక్కడ ఎటు మళ్ళుతుందో, చాళుక్య భీముడు కట్టించిన రెండంతస్తుల గుడిలో శివలింగం క్రింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఎలా లేచి ఉంటుందో, కాలువ కట్టేసిన నెలలో ఊరు ఎలా ఉంటుందో వ్రాసింది. చివర, అమ్మ చేసే పులసకూర మీకు ఎప్పుడైనా వండి పెట్టిందా అని అడిగింది. అరబ్బీలోకి మార్చే పనిని ఉర్దూ శాఖలోని మా మిత్రులు తీసుకున్నారు.