లంకెబిందెల కోసం తవ్వితే

గుప్తనిధి అనగానే మనకు సినిమాల్లోని లంకెబిందెలు, కాపలా కాసే నాగుపాము గుర్తొస్తాయి. అమరావతిలో నిజంగానే తవ్వారు. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు దీపాలదిన్నె అనే దిబ్బను ఇటుకలూ రాళ్ల కోసం, నిధి ఉంటుందన్న ఆశతోనూ తవ్వారు. బయటపడింది బౌద్ధ స్తూపం! సుమారు రెండు వేల ఏళ్ల నాటి శిల్పాలు కొన్ని మెట్లయ్యాయి. సున్నపురాయి కదా, కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. అప్పటికి నిధుల చట్టం లేదు. 1878లో వచ్చింది. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. మిగిలిన శిల్పాలు మనలాగే బదిలీలపై చెన్నై, లండన్ చేరాయి. కొన్ని ఢిల్లీలోనే, జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఈ ఆదివారం చూసొద్దామా?