హోరుకు తలుపు

వాకీటాకీలో హోరును ఆపే స్క్వెల్చ్ చిన్న ఏర్పాటే. దాన్ని ఎంత బిగించాలన్నది మాత్రం భద్రతకు సంబంధించిన ప్రశ్న

జంషెడ్‌పూర్‌లో చప్పుడుకు కొదవ లేదు. 1912 నుంచి ఉక్కు తయారుచేస్తున్న కర్మాగారం ఒకవైపు, టాటానగర్ స్టేషన్‌లో గూడ్సు బళ్ల రాకపోకలు మరోవైపు. ఉపాధి వెతుక్కుంటూ వచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని స్థిరపడ్డ తెలుగువారూ ఈ రొదకు అలవాటుపడ్డవారే. ఇంత రొదలో రైలు ఇంజన్‌లోని లోకో పైలట్‌నూ, చివరి పెట్టెలోని గార్డునూ (2022 నుంచి ట్రైన్ మేనేజర్) మాటతో కలిపేది వీహెచ్ఎఫ్ వాకీటాకీ.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందిన ఎఫ్ఎం పద్ధతికి ఒక విచిత్ర గుణం ఉంది. ఎవరూ మాట్లాడనప్పుడే రిసీవర్ ఎక్కువ గోల చేస్తుంది. సంకేతం లేకపోతే అది తనలో పుట్టే సూక్ష్మమైన విద్యుత్ అలజడినే విపరీతంగా పెంచి వినిపిస్తుంది. సంకేతం అందగానే ఆ హోరు అణిగిపోతుంది.

స్క్వెల్చ్ కిటుకంతా ఇక్కడే ఉంది. వాకీటాకీలో గొంతు వినిపించేది సుమారు 300 నుంచి 3,000 హెర్ట్జ్‌ల మధ్య. స్క్వెల్చ్ సర్క్యూట్ అంతకు పైనున్న హోరును వడగట్టి కొలుస్తుంది. హోరు ఎక్కువుంటే స్పీకర్‌ను మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. తెరవడానికి ఒక హద్దు, మూయడానికి మరో హద్దు ఉంటాయి. రెండూ ఒకటే అయితే బలహీన సంకేతం వచ్చినప్పుడల్లా మాట ముక్కలుముక్కలుగా తెగిపోతుంది.

చిక్కల్లా ఆ హద్దును ఎక్కడ పెట్టాలన్నదే. వదులుగా ఉంటే సెట్ ఊరికే బుసకొడుతుంది. విసిగిపోయిన మనిషి వాల్యూమ్ తగ్గించేస్తాడు. మరీ బిగిస్తే దూరం నుంచి వచ్చే బలహీనమైన పిలుపు తలుపు దగ్గరే ఆగిపోతుంది. నాబ్ ఉన్న సెట్లలో హోరు ఆగే చోటు దాకా తిప్పి, ఆపై రవ్వంత బిగించి వదిలేయడం మంచిది. అనుమానం వస్తే మానిటర్ బటన్ నొక్కి తలుపు పూర్తిగా తెరిచి వినవచ్చు.

ఒకే ఛానెల్‌ను పలు బృందాలు పంచుకునే చోట టోన్ స్క్వెల్చ్ వాడతారు. మాటతోపాటు 67 నుంచి 254.1 హెర్ట్జ్‌ల మధ్య ఒక సన్నని స్వరం వెళుతుంది. ఆ స్వరం సరిపోలితేనే అవతలి స్పీకర్ తెరుచుకుంటుంది. దీన్ని రహస్య ఏర్పాటు అనుకుంటే పొరపాటే. టోన్ తీసేసిన ఏ సెట్‌లోనైనా ఆ మాటలు వినిపిస్తాయి. పైగా వేరే బృందం మాట్లాడుతున్న సంగతి తెలియక బటన్ నొక్కితే రెండు సంకేతాలూ ఢీకొంటాయి. ఎఫ్ఎంలో బలమైనదే నిలుస్తుంది, రెండోది మునిగిపోతుంది. మునిగిపోయినది "క్రేన్ ఆపు" అన్న కేక కావచ్చు.

2018 నుంచి 446.0-446.2 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. దాంతో ఈ సెట్ వాడేందుకు శిక్షణ పొందిన ఆపరేటరే కానక్కర్లేదు. అలా కొత్తగా చేతపట్టేవారు ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. సెట్ మౌనంగా ఉందంటే ఛానెల్ ఖాళీగా ఉందని కాదు, తలుపు మూసి ఉందని మాత్రమే.