మీకు తెలుసా? ఆఫ్ చేసినా బ్యాటరీ తినే కాలిపర్

చవక డిజిటల్ కాలిపర్ తెర మీద 0.01 మిల్లీమీటరు దాకా అంకెలు కనిపిస్తాయి. దాని కచ్చితత్వం మాత్రం సాధారణంగా ±0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లే! కొనేముందు దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సందు కనిపిస్తే వదిలేయండి. తెరిచి మూసిన ప్రతిసారీ సున్నా రావాలి.

కాలిపర్ సరిగా కొలుస్తోందో లేదో తెలుసుకోవాలంటే మంచి కంపెనీ 608 బేరింగు, అదే స్కేటు చక్రాల్లో ఉండేది, కొత్తది ఒకటి కొలిచి చూడండి. దాని బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లకు మహా అయితే 9 మైక్రాన్లు తగ్గుతుంది. వెడల్పును నమ్మొద్దు, అక్కడ తేడా ఎక్కువే ఉండొచ్చు.

అన్నట్టు, చాలా చవక రకాల్లో ఆఫ్ నొక్కితే ఆరేది తెర ఒక్కటే. లోపలి చిప్ పనిచేస్తూనే ఉంటుంది. ఎల్‌ఆర్44 బదులు ఎస్‌ఆర్44 సిల్వర్ ఆక్సైడ్ సెల్ వేస్తే ఎక్కువ కాలం వస్తుంది.