నగరం నడుమ చైనా తోట

కెనడా దేశపు పశ్చిమ తీరంలో వాంకూవర్ నగరం ఉంది. ఆ నగరంలోని చైనాటౌన్ ప్రాంతంలో వాహనాల రొద, అంగళ్ల సందడి పగలంతా వినిపిస్తూనే ఉంటాయి. ఆ సందడి మధ్య ఒకచోట ఎత్తైన తెల్లని గోడ కనిపిస్తుంది. దాని ద్వారం దాటిన సందర్శకునికి పచ్చని కొలను, దాని చుట్టూ వింత ఆకృతుల రాళ్లు, మండపాలు, మెలికలు తిరిగిన నడవలు దర్శనమిస్తాయి. అదే డాక్టర్ సన్ యట్-సెన్ ఉద్యానం. చైనా వెలుపల పూర్తి పరిమాణంలో నిర్మితమైన తొలి సంప్రదాయ చైనా ఉద్యానంగా ఇది పేరుపొందింది.

చైనాలో ఉద్యాన నిర్మాణం చిత్రలేఖనానికి, కవిత్వానికి తోబుట్టువు వంటి కళ. మింగ్ వంశీయులు పాలించిన కాలంలో, అంటే 1368-1644 సంవత్సరాల మధ్య, సుజౌ నగరంలోని విద్వాంసులు, కొలువు విడిచిన రాజోద్యోగులు తమ ఇళ్లను ఆనుకొని తోటలు నిర్మించుకొన్నారు. కొండకోనల ప్రశాంతతను కోరుకొంటూ నగరాన్ని విడిచి పోలేనివారు కొండను, కోనేటిని ఇంటి ముంగిటికే తెచ్చుకొన్నారు. సుజౌ తోటలను యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాంకూవర్ తోటకు ఆ తోటలే మాతృకలు.

ఇటువంటి తోటకు రాయి, నీరు, మొక్క, కట్టడం అనేవి నాలుగు అంగాలు. రాయి కొండకు ప్రతీక. సుజౌ సమీపంలోని తాయ్ సరస్సు ప్రాంతపు సున్నపురాళ్లు నీటి ఒరిపిడికి గుల్లబారి, చిన్న చిన్న పర్వతాలవలె కనిపిస్తాయి. కొలనులోని నీరు కొంత మసకగా ఉంటుంది. అది లోపం కాదు. అడుగు కనిపించకపోవడం వల్ల ఆ నీరు అద్దమై ఆకాశాన్ని, మండపాలను ప్రతిబింబిస్తుంది. చలికి వాడని పైన్, వెదురు, చలి తీరకముందే పూచే ప్లమ్ చెట్లను చైనీయులు శీతకాలపు ముగ్గురు మిత్రులని పిలుస్తారు. కష్టకాలంలో చెక్కుచెదరని వ్యక్తిత్వానికి అవి గుర్తులు.

తోట చిన్నదే అయినా, ఎక్కడ నిలిచి చూసినా మొత్తం కనిపించదు. నడవ మలుపు తిరిగినప్పుడల్లా కొత్త దృశ్యం ఎదురవుతుంది. గోడలలోని జాలక గవాక్షాలు అవతలి తోటను కొంత చూపి, కొంత దాస్తాయి. కొద్దిపాటి స్థలాన్ని విశాలంగా తోపింపజేసే రహస్యం ఇదే. వాంకూవర్‌లో వానలు ఎక్కువ. వాన కురిసినప్పుడు చూరు పెంకుల కొనల నుండి జారే నీటిధారలు ముత్యాల తెరవలె వేలాడతాయి.

ఈ తోటను నిర్మించడానికి 1985లో సుజౌ నుండి యాభైమందికి పైగా శిల్పులు, వడ్రంగులు వచ్చారు. రాళ్లు, పెంకులు, కొయ్యభాగాలు 950 పెట్టెలలో సముద్రం దాటి వచ్చాయి. స్థానిక పనివారు కూడా ఈ నిర్మాణంలో పాల్గొన్నారు. మండపాల కొయ్యపనిలో మేకులు వాడలేదు. ఒక కొయ్యలో తొలచిన గాడిలో మరొక కొయ్య కొనను బిగించి నిలిపారు. 1986లో తోట సందర్శకులకు ద్వారాలు తెరిచింది.

ఈ తోట వెనుక ఒక జాతి అనుభవించిన వేదన ఉంది. కెనడాను తూర్పు నుండి పడమరకు కలిపిన రైలుమార్గ నిర్మాణంలో వేలాది చైనా కూలీలు శ్రమించారు. ఆ పని ముగిసిన 1885లోనే ప్రభుత్వం చైనా నుండి వచ్చేవారిపై తలకు 50 డాలర్ల పన్ను విధించింది. 1903 నాటికి అది 500 డాలర్లకు పెరిగింది. 1923లో చేసిన చట్టం వారి రాకను దాదాపుగా నిలిపివేసింది. ఆ చట్టం 1947లో రద్దయింది. 1967లో చైనాటౌన్ మీదుగా పెద్ద రహదారి నిర్మించాలని నగర పాలకులు తలపెట్టగా, ప్రజలు గట్టిగా ఎదిరించి ఆ ప్రయత్నాన్ని విరమింపజేశారు. తలపన్నుకు కెనడా ప్రభుత్వం 2006లో క్షమాపణ చెప్పింది.

చైనాలో రాచరికాన్ని అంతమొందించిన విప్లవానికి నాయకుడైన సన్ యట్-సెన్ 1911లో నిధుల కోసం వాంకూవర్‌కు వచ్చాడు. అక్కడి చైనీయులు ఆయనకు అండగా నిలిచారు. తోటకు ఆయన పేరు పెట్టడంలోని ఔచిత్యం ఇదే.

తోటలో నిలిచిన వారికి పైకప్పుల మీదుగా నగరపు ఎత్తైన భవనాలు కనిపిస్తాయి. వాహనాల రొద సన్నగా వినిపిస్తుంది. ఆ గోడ నగరాన్ని పూర్తిగా దూరం చేయదు. తోటను ఆనుకొని అందరికీ ఉచిత ప్రవేశం గల ఉద్యానం ఒకటి ఉంది. రెండింటికీ కొలను ఒక్కటే. వెల చెల్లించి లోపలికి వచ్చినవారు, దారిన పోతూ క్షణకాలం ఆగినవారు ఒకే నీటిని చూస్తారు. ఒకనాడు తమకు చోటు లేదన్న నగరంలో, ఆ ప్రజలు తమ సంస్కృతిని దాచుకోక నలుగురికీ పంచిపెట్టారు. ఆ తోటలోని ప్రశాంతతకు విలువ తెచ్చినది ఈ ఔదార్యమే.