నిలకడగా ఉంటే అరుదుగా, మారుతుంటే తరచుగా



వార్డులో పేషెంటు మంచం పక్కన మానిటరు పెట్టగానే బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "సిస్టరమ్మా, గీత కదులుతూనే ఉంది గానీ బి.పి. అంకె మారడం లేదు. మిషన్ పాడైందా?"

పాడవలేదు. చేతికి కట్టిన పట్టీ మేము పెట్టిన సమయానికి, అంటే పదిహేను నిమిషాలకో అరగంటకో, గాలి నింపుకుని బి.పి. కొలుస్తుంది. మళ్లీ కొలిచేదాకా తెర మీద ఉండేది పాత అంకె. నిమిషానికోసారి పట్టీ బిగిస్తే చేయి నొప్పి పుడుతుంది, రోగికి నిద్ర ఉండదు. గుండె గీత మాత్రం క్షణక్షణం మారుతుంది కాబట్టి దాన్ని సెకనుకు వందల సార్లు కొలుస్తారు. ఏది ఎంత తరచుగా కొలవాలి అన్నది తెలుసుకుంటే ఆసుపత్రిలోనే కాదు, ఇంట్లో కూడా ఉపయోగం.

ఇరుకు తలుపు

మిషన్ కొలిచినదాన్ని నర్సుల బల్ల దగ్గరికో, దూరాన ఉన్న డాక్టరు గారికో పంపాలి. ఒకే తీగలో అంకెలు ఒకదాని వెనుక ఒకటి వెళ్లడాన్ని సీరియల్ పద్ధతి అంటారు. ఆరాధన ముగిశాక ఒకే తలుపు గుండా అందరూ వరుసగా బయటికి వచ్చినట్లు అన్నమాట.

కొంచెం లెక్క చూద్దాం. కంప్యూటరు ప్రతి అంకెనూ సున్నాలు, ఒకట్లుగా రాస్తుంది. ఆ ఒక్కొక్కదాన్ని బిట్ అంటారు. ఇ.సి.జి.ని సెకనుకు 500 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 12 బిట్లలో రాస్తే ఒక గీతకే సెకనుకు 6,000 బిట్లు. పూర్తి ఇ.సి.జి.లో 12 గీతలు కనిపించినా, 8 కొలిస్తే మిగిలిన 4 లెక్కకట్టవచ్చు. ఆ ఎనిమిదింటికి 48,000 బిట్లు అవుతాయి. పాత సీరియల్ తీగల్లో తరచుగా వాడిన వేగం సెకనుకు 9,600 బిట్లు. తలుపు ఇరుకు, జనం ఐదింతలు!

దూరపు వైద్యానికి కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గారు ప్రారంభించారు. పల్లె నుండి ఎక్స్‌రేలు, ఇ.సి.జి.లు పట్టణం డాక్టర్లకు పంపాలంటే ఉన్న దారిని పొదుపుగా వాడుకోవాల్సిందే.

ఎక్కడ పొదుపు చేయాలి?

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో దెబ్బకు 0.8 సెకను పడుతుంది. అందులో గీత నిటారుగా లేచి పడే భాగం మామూలుగా 0.1 సెకను లోపే ముగుస్తుంది. మిగతా సమయమంతా గీత మెల్లగా సాగుతుంది. అందుకని నిటారు భాగంలో కొలతలు దగ్గర దగ్గరగా, మెల్లగా సాగే చోట దూరం దూరంగా తీసుకుంటే చాలు. దీనినే అడాప్టివ్ శాంప్లింగ్ అంటారు. అంటే మార్పును బట్టి కొలవడం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 1968లో ఆజ్‌టెక్ అనే పద్ధతిని ప్రచురించారు. దానితో ఇ.సి.జి. సమాచారం దాదాపు పదో వంతుకు తగ్గింది. అయితే చిన్న చిన్న అలలు మెట్లు మెట్లుగా మారిపోయి సరిగా కనిపించలేదు. గుండె లయ చూడడానికి అది సరిపోయినా, జబ్బును సూక్ష్మంగా తేల్చడానికి చాలదు. పొదుపు మంచిదే గాని, చిన్న మార్పును మింగేసే పొదుపు ప్రమాదం.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. సిరిసిల్లలో ఒక్క మనిషే ఎన్నో సాంచాలు చూసుకుంటాడు. అన్నిటి మీదా ఒక కన్ను వేసి, పోగు తెగిన దాని దగ్గరికి పోతాడు. నర్సులమూ అంతే. నాడి సమంగా ఉంటే అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తాము, తప్పుతుంటే నిమిషం పూర్తిగా లెక్కపెడతాము. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు మరీ జాగ్రత్తగా కనిపెడతాము. కాన్పు నొప్పులు బాగా మొదలయ్యాక బిడ్డ గుండెను 15 నుండి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వింటాము.

కబురు లేకుంటే క్షేమమేనా?

మార్పు ఉన్నప్పుడే కబురు పంపే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. కబురు రాలేదంటే మార్పు లేదనా, తీగ ఊడిందనా? జగిత్యాల, కోరుట్ల నుండి గల్ఫ్‌కు పోయిన బిడ్డల తల్లులకు ఇది తెలుసు. ఫోను ఖరీదుగా ఉన్న రోజుల్లో శుక్రవారం ఒక మిస్డ్ కాల్ వస్తే చాలు, కొడుకు క్షేమమని అర్థం. పైసా ఖర్చు లేదు. ఆ శుక్రవారం ఫోను మోగకపోతేనే గుండె దడ. మిషన్లు తయారు చేసేవారు కూడా ఇలాగే చేస్తారు. చెప్పడానికి ఏమీ లేకపోయినా "నేను ఉన్నాను" అనే చిన్న సంకేతాన్ని మధ్య మధ్యలో పంపిస్తారు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. మానిటరు గీత చదునైనా, అలారం మోగినా స్టిక్కరు ఊడి ఉండవచ్చు. అది మీరు తేల్చుకోవద్దు. అలారం ఆపకండి, వెంటనే సిస్టరును పిలవండి.

2. తెర మీద బి.పి. అంకె బాగున్నా రోగికి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా మళ్లీ కొలిచే సమయం కోసం ఆగవద్దు. చెప్పండి.

3. ఇంట్లో బి.పి., షుగరు నిలకడగా ఉంటే డాక్టరు గారు చెప్పిన తేదీలకు చూపించుకుంటే చాలు. గంటగంటకూ చూసుకుని దిగులు పడవద్దు. మాత్రలు మారినప్పుడు, జ్వరం, వాంతులు వచ్చినప్పుడు, తల తిరిగినప్పుడు ఎంత తరచుగా చూడాలో అడిగి తెలుసుకోండి.

4. పోయిన నెల ఇ.సి.జి. బాగుందని ఈ రోజు ఛాతీ నొప్పిని తేలికగా తీసుకోవద్దు. అది పోయిన నెల గుండె సంగతి. వెంటనే 108కి ఫోను చేయండి.

5. ఒంటరిగా ఉండే ముసలివారితో రోజుకోసారి ఒక వేళ పెట్టుకుని మాట్లాడండి. ఆ వేళకు ఫోను ఎత్తకపోతే పొరుగువారిని పంపి చూపించండి.

మిషన్ తనకు చెప్పినంతవరకే కొలుస్తుంది. రెండు కొలతల మధ్య రోగిని చూస్తూ ఉండేది పక్కన కూర్చున్న మీరే. మీకు తేడా అనిపిస్తే అర్ధరాత్రి అయినా మమ్మల్ని పిలవడానికి మొహమాటపడకండి.