నవంబరు రాకముందే కోత: అనుకుంటే చాలదు, లెక్క వేయాలి

తుపాను రాకముందే సార్వా పంట ఇంటికి చేరాలని కోరుకోని రైతు గోదావరి డెల్టాలో ఉండడు. ఏటా తొలకరికి ముందు రచ్చబండ మీద ఈ మాటే వినిపిస్తుంది. అయినా నవంబరులో కొన్ని చేలు కోతకు రాకుండానూ, కోసిన పనలు నీళ్లలో నానుతూనూ కనిపించడం మామూలైపోయింది. ఇందుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో రైతు చేతిలో ఉన్నది ఒకటుంది. చాలామందికి లక్ష్యం ఉంది గాని ప్రణాళిక లేదు.

ఈ రెండూ ఒకటేనని అనుకోవడం పరిపాటి. 'అక్టోబరు 31 నాటికి కోత పూర్తి కావాలి' అన్నది లక్ష్యం. ఏ రకం వేయాలి, ఆకుమడి ఏ తేదీన పోయాలి, ఊడ్పులకు కూలీలు ఎందరు, పెట్టుబడి ఎక్కడిది అన్నది ప్రణాళిక.

తుపాను తేదీ ముందుగా తెలియకపోయినా దాని కాలం తెలిసిందే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. కోనసీమను కుదిపిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. 2013లో హెలెన్ నవంబరు 22న, 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న తీరం దాటాయి. అక్టోబరులో రాదని కాదు. కాని నవంబరు దాకా చేను నిలిచి ఉంటే ముప్పు ఎక్కువ.

వెనక నుంచి లెక్క

ప్రణాళిక వేసేటప్పుడు కోత రోజు నుంచి వెనక్కు లెక్కించాలి. స్వర్ణ రకానికి సుమారు 150 రోజులు పడుతుంది. అక్టోబరు 31న కోయాలంటే జూన్ 3 నాటికి విత్తనం చల్లాలి. 135 రోజుల రకమైతే జూన్ 18, 120 రోజుల రకమైతే జూలై 3 ఆఖరు తేదీలు.

ఇప్పుడు కాలువ సంగతి చూడాలి. జూన్ 1న నీరు వదిలినా శివారు భూములకు చేరేసరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అంటే బోరు నీటితో ఆకుమడి పోసుకోలేని శివారు రైతుకు స్వర్ణతో అక్టోబరు కోత కుదరదు. ఈ సంగతి నవంబరులో చేను పడిపోయాక కాదు, మే నెలలో కాగితం మీదే తెలిసిపోతుంది. ప్రణాళిక వల్ల మొదటి లాభం ఇదే. కోరుకున్నది జరిగే పనో కాదో ముందే చెబుతుంది.

నీరు పదిహేను రోజులు ఆలస్యమైతే ఏం చేయాలన్నదీ ముందే రాసుకోవాలి. అప్పుడు లక్ష్యం మారదు, విత్తనం మారుతుంది. తక్కువ రోజుల రకం విత్తనం ఎక్కడ దొరుకుతుందో అప్పటికే తెలిసి ఉండాలి.

ధవళేశ్వరం చెప్పే పాఠం

ఈ డెల్టాకు నీరు వచ్చిందే ప్రణాళిక వల్ల. గోదావరి నీరు ఊరికే సముద్రం పాలవుతోందని, దాన్ని పొలాలకు మళ్లించాలని కోరుకోవడం తేలికే. కాటన్ దొర ఆ కోరికను పనులుగా విడగొట్టాడు. నది లంకలతో చీలి ఉన్న ధవళేశ్వరం వద్ద చోటు ఎంచుకున్నాడు. రాయి పక్కనున్న కొండ నుంచే తెప్పించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టించాడు. 1847లో మొదలైన పని 1852 నాటికి పూర్తయింది.

ఒక్కరి వల్ల కాదు

ఒక రైతు ఎంత లెక్క వేసినా పక్క చేను వెనకబడితే చిక్కే. మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూడు పేరుకుంటే అందరి చేలూ మునుగుతాయి. ఊరంతా ఒకేసారి కోతకు దిగితే యంత్రం దొరకదు. అందుచేత కాలువ కింది రైతులందరూ కూర్చుని మూడు సంగతులు తేల్చుకోవాలి: ఏ పని, ఎవరు, ఏ తేదీలోగా. 'మురుగు కాలువ బాగు చేయించాలి' అని తీర్మానించి లేచిపోతే అది లక్ష్యంగానే మిగులుతుంది. అర్జీ ఎవరు రాస్తారు, ఎవరు వెంటపడతారు, పని కాకపోతే చందా ఎంత అన్నది కూడా రాసుకుంటేనే ప్రణాళిక.

ఆ కాగితం మే నెలలోనే రాయాలి. జూన్ గడిచాక రాస్తే అందులో సగం తేదీలు అప్పటికే దాటిపోయి ఉంటాయి.