బండి బెల్టు ఎప్పుడు మార్చాలె?



పోయిన పంటకు పట్టుగూళ్లు తీసుకపోతుంటే షోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర మా స్కూటర్ బెల్టు తెగింది. మూటల్లో గూళ్లు వేడెక్కినయి, ధర పడిపోయింది. అందుకే ఇది రాస్తున్నాము.

మనం "టైమింగ్ బెల్టు" అంటాం గానీ, మన మామూలు బైకుల్లో అది ఉండదు. ఇంజన్ లోపల ఉండేది టైమింగ్ చైన్. దానికి ఇన్ని కిలోమీటర్లని గడువు లేదు. ఆయిల్ వేళకు మారిస్తే ఏండ్లకొద్దీ నడుస్తది. గలగల చప్పుడు మొదలైతే మేస్త్రీకి చూపించాలె. టైమింగ్ బెల్టు ఉండేది డుకాటీ లాంటి కొన్ని పెద్ద బండ్లకే.

స్కూటర్‌కు ఉండేది డ్రైవ్ బెల్టు. మన మరమగ్గానికి మోటారు బెల్టు ఎట్లనో, వెనక చక్రానికి ఇది అట్ల. సాధారణంగా 20–25 వేల కి.మీ.కు మార్చాలె, బండితో ఇచ్చిన పుస్తకంలోని లెక్కే ఖాయం. బీటలు కనిపించినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరిచి బండి కదలకపోయినా ఆగకుండా మార్చండి.

బైకు బయటి చైన్‌ను 500 కి.మీ.కోసారి తుడిచి నూనె వెయ్యాలె. చైన్ మారిస్తే రెండు స్ప్రాకెట్లూ మార్చాలె, లేకుంటే పాత పళ్లు కొత్త చైన్‌ను తింటయి.

పురుగు నాలుగో జ్వరం లేవకముందే బండి చూపించుకోండి. ఆ తర్వాత ఆకూ ఆగదు, గూళ్లూ ఆగవు.